కట్టడాల బొమ్మలు, స్కెచ్‌బుక్ పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు, గుడి, రైల్వే స్టేషను, పాత బజారు... కంటి ముందున్న కట్టడాన్ని అక్కడే కూర్చుని పుస్తకంలో వేసుకోవాలని ఉన్నవాళ్ల కోసం రాసినవి ఇవి. కొత్తవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలనే తీసుకున్నాను. కొన్నిటికి రెండు మాటలు చాలు, కొన్నిటిని పెన్సిలు చేతిలో పట్టుకుని ఓపిగ్గా చదవాలి.

నాకు గీత నిటారుగా రాదు. స్కేలు లేకుండా కట్టడాలు వేయగలనా?

వేయగలరు. గీత కాస్త వణికినా చూసేవాళ్ల కన్ను పట్టించుకోదు. పొందిక తప్పితే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. తలుపు మనిషి భుజం దాకానే వచ్చినా, కిటికీ చూరుకు తగిలినట్టున్నా, గీతలు ఎంత తిన్నగా ఉన్నా బొమ్మ నిలవదు. అందుకే మొదటి నెలల్లో మీ శ్రమంతా కొలతల మీద పెట్టండి.

గీత కోసం ఒక అలవాటు చాలు. మొదలూ చివరా చుక్కలు పెట్టుకుని, పెన్సిలు మొనను చూడకుండా చేరాల్సిన చుక్కనే చూస్తూ, మణికట్టు బిగించి మోచేతి నుంచి చేయి లాగండి. స్కేలు జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. స్కేలుతో గీసిన గోడ పక్కన చేత్తో వేసిన వేపచెట్టు ఎప్పటికీ పొసగదు.

ఏమేం కొనాలి?

చాలా తక్కువ. ఏ5 సైజు పుస్తకం ఒకటి, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, నీళ్లకు చెదరని నల్ల సిరా పెన్ను (0.3 మి.మీ. మొన అన్నిటికీ పనికొస్తుంది), మెత్తటి రబ్బరు. రంగులు వేసే ఉద్దేశం ఉంటే కాగితం కనీసం 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఉండాలి. 300 అయితే తడికి ఉబ్బడం తక్కువ. పెన్సిలు, పెన్ను వరకే అయితే 120–150 జీఎస్ఎమ్ సరిపోతుంది.

ఫౌంటెన్ పెన్నుతో వేయాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. రాజమండ్రి రత్నం పెన్నుల్లాంటి మంచి పెన్ను ఇంట్లో ఉంటే తప్పకుండా దానితో వేయండి, మొన ఒత్తిడిని బట్టి గీత లావూ సన్నమూ కావడం చూడముచ్చటగా ఉంటుంది. కానీ లక్క కలిసిన ఇండియన్ ఇంకు దాంట్లో పోయకండి. లోపల గడ్డకట్టి పెన్ను మూసుకుపోతుంది. మామూలు ఫౌంటెన్ పెన్ను సిరాల్లో చాలావరకు నీళ్లు తగిలితే పాకుతాయి కాబట్టి రంగులు వేయబోయే పేజీకి దాన్ని వాడకండి.

ఖరీదైన పుస్తకం మాత్రం మొదట్లో వద్దు. పేజీ పాడవుతుందన్న భయంతో దాన్ని తెరవడమే మానేస్తారు.

మొదట ఏ కట్టడం వేయాలి?

మీ ఇల్లు. కాకపోతే ఎదురిల్లు. అందరూ నేరుగా చార్మినార్ దగ్గరికో, గుడి గోపురం దగ్గరికో పోతారు, అరగంటలో విసిగిపోతారు. రోజూ చూసే గుమ్మం, ద్వారబంధం, ఊచల కిటికీ, అరుగు, రెండు మెట్లు, ఇవి ముందు వేయండి. తలుపు ఎత్తుకు వెడల్పు ఎంతో, గుమ్మం నేల నుంచి ఎంత లేస్తుందో మీకు ఒంటికి తెలుసు, ఆ ఎరుక బొమ్మలోకి దానంతటదే వస్తుంది.

పెంకుటిల్లు దొరికితే అంతకంటే మంచి బడి లేదు. వాలు కప్పు, దాని కింద నీడ, వసారా స్తంభాలు, పైన దూలాలు, వాసాలు. కట్టడం ఎలా నిలబడుతుందో కంటికి కనిపిస్తుంది. గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసే అవకాశం ఉంటే లోపల కూర్చుని వేయండి. నాలుగు వైపుల కప్పూ నడిమి వాకిలి మీదికి వాలుతుంది, వెలుగు పైనుంచి దిగుతుంది, మూలల్లో నీడలు దట్టంగా ఉంటాయి. ఉత్తరాంధ్ర తీరంలో ఇంకా అక్కడక్కడా మిగిలిన చుట్టిళ్లు గుండ్రటి గోడ, శంకువు లాంటి తాటాకు కప్పుతో వేరే రకం పాఠం చెబుతాయి. వాటిలో గోడ మూల అన్నదే ఉండదు.

కొలతలు ఎలా పట్టుకోవాలి?

చేయి పూర్తిగా చాచి, మోచేయి వంచకుండా, ఒక కన్ను మూసి పెన్సిలును నిలువుగా పట్టుకోండి. పెన్సిలు మొన తలుపు పైఅంచుకు ఆనేలా పెట్టి, గడప కనిపించే చోట బొటనవేలు ఉంచండి. అదే మీ కొలమానం. ఇప్పుడు ఇల్లంతా ఎత్తు ఎన్ని తలుపులు, గోడ వెడల్పు ఎన్ని తలుపులు అని లెక్కపెట్టండి. కాగితం మీద తలుపు ఎంత పెద్దగా వేయాలో ముందే నిర్ణయించుకుంటే మిగతా ఇల్లు పేజీలో పడుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. కప్పు పేజీ దాటిపోయిందని చివర్లో బాధపడే పని ఉండదు.

చేయి వంగితే కొలత మారిపోతుంది. నాలుగడుగులు జరిగినా మారిపోతుంది. మొదలుపెట్టిన చోటే కదలకుండా ఉండటం ఇందుకే ముఖ్యం.

వాలు గీతలకూ ఇదే పెన్సిలు. చూరు ఎంత వాలుతోందో పెన్సిలును దానికి ఆనించినట్టు పట్టుకుని చూడండి. ఆ వాలు తిరగకుండా అలాగే కాగితం మీదికి దించండి. మనసు ఎప్పుడూ ‘చూరు అడ్డంగా ఉంటుంది’ అని చెబుతుంది. పెన్సిలును నమ్మండి.

పర్‌స్పెక్టివ్ అంటే భయం. లెక్కలు రాకపోతే నేర్చుకోలేమా?

దూరమైన కొద్దీ వస్తువులు చిన్నగా కనిపించే తీరును కాగితం మీద చూపడమే పర్‌స్పెక్టివ్. దానికి లెక్కలు అక్కర్లేదు. ముందు ఒకటే పట్టుకోండి: మీ కంటి ఎత్తు. తిన్నగా ముందుకు చూస్తున్నప్పుడు మీ కళ్లకు సమానమైన ఎత్తులో ఒక అడ్డగీత ఊహించుకోండి. పేజీ మీద అన్నిటికంటే ముందు దాన్నే సన్నగా గీయండి. మీకు దూరంగా పోతున్న గోడలో, ఆ గీతకు పైన ఉన్న అంచులన్నీ, అంటే చూరు, పిట్టగోడ, కిటికీ పైభాగం, కిందికి దిగుతూ పోయి ఆ గీతను చేరతాయి. కింద ఉన్నవి, అంటే అరుగు, మెట్టు, పునాది, పైకి ఎక్కుతూ పోయి చేరతాయి. సరిగ్గా కంటి ఎత్తులో ఉన్న అంచు మాత్రం అడ్డంగానే ఉంటుంది. ఒక గోడకు చెందిన ఈ గీతలన్నీ కలిసే చోటును వానిషింగ్ పాయింట్ అంటారు. ఇంటిని మూల నుంచి చూస్తే రెండు గోడలు కనిపిస్తాయి కనుక అవి రెండు ఉంటాయి, చాలాసార్లు పేజీ అవతల పడతాయి. పడనివ్వండి. వాలు సరిపోతే చాలు.

దీన్ని కళ్లారా చూడాలంటే ఏ సంత వీధికో వెళ్లండి. నేల చదునుగా ఉండి మీరు నిలబడి ఉంటే, ఇంచుమించు మీ ఎత్తున్న మనుషులందరి తలలూ, దగ్గరవాళ్లవైనా దూరంవాళ్లవైనా, ఒకే గీత మీద వరసగా ఉంటాయి. అదే మీ కంటి గీత. దూరమైన కొద్దీ కాళ్లు పైకి వస్తాయి తప్ప తలలు కదలవు. ఇది ఒక్కసారి గమనిస్తే బొమ్మలో మనుషుల్ని ఎక్కడ పెట్టాలో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. నేల మీద చతికిలబడి కూర్చుంటే ఆ గీత కిందికి దిగిపోతుంది, ఇల్లు మీద పడేంత ఎత్తుగా కనిపిస్తుంది. మేడ మీద నుంచి వేస్తే గీత పైకి పోయి ఊరి కప్పులన్నీ కాళ్ల కింద పరుచుకుంటాయి.

బాగా ఉపయోగపడే కిటుకులు రెండున్నాయి. వాలిపోతున్న గోడకు నడిమి ఎక్కడో తెలియాలంటే నాలుగు మూలల్నీ గుణకారం గుర్తులా కలపండి. గీతలు ఖండించుకున్న చోటే అసలైన నడిమి, అది కంటికి దూరపు అంచు వైపు జరిగి ఉంటుంది. పెంకుటింటి పక్కగోడ త్రికోణం వేసేటప్పుడు అక్కడి నుంచే నిలువు గీత లేపండి, కప్పు శిఖరం దాని మీదే ఉంటుంది. రెండోది వసారా స్తంభాలకు. మొదటి రెండు స్తంభాలూ వేశాక, మొదటిదాని తల నుంచి రెండోదాని నడుము మీదుగా నేల గీత దాకా వాలుగా ఒక గీత లాగండి. అది నేలను తాకిన చోట మూడో స్తంభం. అలా వరసంతా వేసుకుంటూ పోవచ్చు. స్తంభాలు దూరమైన కొద్దీ దగ్గరవుతూ పోవడం మీరే చూస్తారు.

నిలువు గీతలు మాత్రం నిలువుగానే ఉంచండి. ఎత్తైన కట్టడం కిందే నిలబడి తలెత్తి చూస్తే తప్ప అవి ఒకదాని వైపు ఒకటి వంగవు.

చార్మినార్ వేస్తే మినార్లు బొంగుల్లా వస్తున్నాయి. ఎందుకు?

బాల్కనీల వలయాలను తిన్నటి గీతలుగా వేస్తుండటం వల్ల. గుండ్రటి వస్తువు మీది వలయం కంటి ఎత్తులో ఉంటేనే తిన్నగా కనిపిస్తుంది. కంటికి పైన ఉంటే ముందుభాగం ఇంద్రధనుస్సులా పైకి వంగుతుంది, ఎంత పైకి పోతే అంత ఎక్కువ. మీరు రోడ్డు మీద ఉన్నారు, వలయాలన్నీ మీ తలకు పైనే ఉన్నాయి. కాబట్టి కింది వలయం కొద్దిగా, పైది బాగా వంగాలి. ఈ ఒక్క మార్పుతో మినార్ గుండ్రంగా నిలబడుతుంది.

మిగతా కట్టడం తేలిక. 1591లో కట్టినప్పటి చతురస్రం అది, ఒక్కో వైపు సుమారు 20 మీటర్లు, నాలుగు దిక్కులకూ నాలుగు కమాన్లు, నాలుగు మూలలా మినార్లు. ముందు పెట్టె, తర్వాత కమాను నడిమి గీత, ఆ తర్వాతే కమాను వంపు. వంపు రెండు వైపులా ఒకేలా రావాలంటే నడిమి గీత లేకుండా కుదరదు. కమాను మందం మర్చిపోకండి. లోపలి అంచు కూడా వేసి అక్కడ నీడ పెడితే రాయి బరువు తెలుస్తుంది. 1889లో పెట్టిన గడియారాలు పైనున్నాయి, ఆ చిన్న గుండ్రం ఒకటి వేస్తే చూసేవాళ్లకు పరిమాణం అందుతుంది.

గోపురం మీద అన్ని బొమ్మలు! రామప్పలో అంత చెక్కడం! ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ వేయాలన్న కోరిక వదిలేస్తే దారి దొరుకుతుంది. గోపురానికి ముందు బయటి ఆకారం వేయండి, పైకి పోయేకొద్దీ సన్నబడే రెండు వాలు గీతలు, మధ్యలో నిలువు ఇరుసు. ఆ ఇరుసు మీదే ప్రతి అంతస్తు ద్వారమూ వరసగా పడుతుంది. అంతస్తుల ఎత్తు పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. అన్నీ సమానంగా వేస్తే గోపురం అల్మారాలా అవుతుంది. విగ్రహాలను ఆకారాలుగా కాక నీడలుగా చూడండి, కళ్లు సగం మూస్తే కనిపించే నల్లటి మచ్చలు అవి. ఒక్క అంతస్తులో రెండు మూడు విగ్రహాలు శ్రద్ధగా వేసి మిగతావి మచ్చలతో వదిలితే, మిగిలినవి చూసేవాళ్ల కన్నే పూరించుకుంటుంది.

పాలంపేట రామప్ప గుడి (1213) దగ్గర నా సలహా వేరు. మొత్తం గుడి వేయాలని కూర్చోవద్దు. ఒక్క స్తంభం, లేదా చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒక్కరు. అర పూట దాని ముందు గడిపితే శిల్పి ఉలి ఎక్కడ ఆగిందో అర్థమవుతుంది. హనుమకొండ వేయి స్తంభాల గుడిలోనూ అంతే, స్తంభంలో చతురస్రం ఎక్కడ గుండ్రమవుతోందో, మళ్లీ ఎక్కడ చతురస్రమవుతోందో వేసి చూడండి.

కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, ఆగిన ఆటోలు వేయాలా?

కొన్ని వేయండి. ఆటో పక్కనుంటేనే కమాను ఎంత ఎత్తో తెలుస్తుంది. తీగలు రెండు వేస్తే వీధి లోతు వస్తుంది, ఇరవై వేస్తే బొమ్మ కనిపించదు. దుకాణం బోర్డు మీది పేరు ఉంచమనే అంటాను. పదేళ్ల తర్వాత ఆ పేజీలో అందరూ మొదట చదివేది దాన్నే.

ఏ వేళలో వేయాలి? ఎండ తట్టుకోలేకపోతున్నాం.

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత. ఎండ పక్క నుంచి పడితేనే గోడ ఒకటి వెలుగులో, ఒకటి నీడలో ఉంటాయి, ఇల్లు ఇల్లులా కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో రెండు గోడలూ ఒకేలా పాలిపోతాయి. నీడ కదిలిపోతూ ఉంటుంది కాబట్టి మొదటి పది నిమిషాల్లోనే దాని అంచు గీసుకుని, ఆ తర్వాత అది ఎటు పోయినా మార్చకండి. వేసవిలో రంగు కాగితం మీద పడగానే ఆరిపోతుంది, కాగితాన్ని ముందే కాస్త తడుపుకోవాలి. వానాకాలం విశాఖలోనో కాకినాడలోనో అదే రంగు ఎంతకీ ఆరదు, తొందరపడి పుస్తకం మూయకండి.

ఫొటో చూసి వేస్తే తప్పా? నేను అమెరికాలో ఉంటాను, మా ఊరి ఇల్లు వేయాలనుంది.

తప్పేమీ లేదు. అయితే ఫోను కెమెరాది వెడల్పు చూపు. అంచుల దగ్గర గోడలు సాగుతాయి, ఫోను పైకి ఎత్తితే నిలువు గీతలు లోపలికి వంగుతాయి. ఇంట్లోవాళ్లను అడిగేటప్పుడు వెనక్కి బాగా జరిగి, ఫోను నిటారుగా పట్టుకుని తీయమనండి. తలుపు ఎత్తూ, అరుగు ఎత్తూ టేపుతో కొలిచి చెప్పమనండి. సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూట అక్కడే కూర్చుని వేయండి. తాతయ్యనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ గది ఎప్పుడు కట్టారో, ఏ గోడ ఎందుకు పడగొట్టారో చెబుతారు. అది పేజీ అంచున రాసుకోండి.

ఇంకొకరు తీసిన ఫొటో చూసి వేస్తే వాళ్ల అనుమతి అడగండి, పంచుకునేటప్పుడు వాళ్ల పేరు చెప్పండి.

వీధిలో కూర్చుంటే జనం మూగుతారు. సిగ్గేస్తోంది.

మూగుతారు. ‘ఏం వేస్తున్నారమ్మా?’ అని అడుగుతారు. ‘మీ ఇల్లేనండీ, చాలా బాగుంది’ అనండి. అక్కడితో సగం బెరుకు పోతుంది, చాలాసార్లు కుర్చీ వస్తుంది, మంచినీళ్లు వస్తాయి, ఇంటి చరిత్ర వస్తుంది. గోడకు వీపు ఆనించి కూర్చుంటే వెనక నుంచి తొంగిచూసేవాళ్లు ఉండరు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే ఇంకా ధైర్యం, ముఖ్యంగా ఒంటరిగా కూర్చోవడానికి వెనకాడే ఆడపిల్లలకు.

ఎక్కడైనా వేయొచ్చా? అనుమతి కావాలా?

రోడ్డు మీద నుంచి మామూలు కట్టడాన్ని వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భారతీయ కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షను, కట్టడాన్ని బొమ్మ వేయడమూ దాన్ని ప్రచురించడమూ ఉల్లంఘన కాదని స్పష్టంగా చెబుతుంది. కానీ సైనిక, నౌకాదళ స్థావరాల వైపు పుస్తకం తెరవకండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టంలో ఫొటోలతో సమానంగా స్కెచ్ మాట కూడా ఉంది. విశాఖలో ఉండేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గుళ్లలో ప్రాకారం బయట ఫర్వాలేదు, లోపలైతే అక్కడివాళ్లను అడిగి, దారికి అడ్డం రాకుండా కూర్చోండి. ఎవరి ఇల్లయినా దగ్గర నుంచి వేస్తే ఆ ఇంటివాళ్లకు ఒక మాట చెప్పడం మర్యాద. పంచుకునేటప్పుడు ఇంటి నంబరు తీసేయండి.

ఇంకా బాగా రాలేదు. ఇప్పుడే నలుగురికీ చూపించాలా?

చూపించండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

శ్రీకాళహస్తి రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించింది. 2010 మే 26న కూలిపోయింది. 2017కల్లా కొత్తది లేచింది, కానీ దాదాపు అయిదు వందల ఏళ్లు నిలిచిన ఆ పాతది మిగిలింది ఫొటోల్లోనూ, ఎవరెవరో వేసుకున్న బొమ్మల్లోనూ. అమరావతి స్తూపం కథ ఇంకా బాధాకరం. 1816లో బ్రిటిష్ సర్వేయరు కాలిన్ మెకెంజీ రెండోసారి వచ్చేసరికే రాళ్లు ఊడదీసి ఇతర కట్టడాలకు వాడేస్తున్నారు. ఆయన బృందం మిగిలిన పలకలను కొలిచి, ఒక్కొక్కటిగా బొమ్మలు వేసింది. ఆ బొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో ఉన్న కొన్ని రాళ్లు తర్వాత ఎవరికీ కనిపించలేదు, బొమ్మే మిగిలింది. మెకెంజీ మనుషులు గొప్ప చిత్రకారులని కాదు, చూసింది చూసినట్టు శ్రద్ధగా వేశారు, ఎక్కడిదో రాసిపెట్టారు.

మన వీధుల్లో పెంకుటిళ్లు ఇప్పుడు అదే తీరున పోతున్నాయి. ఒక సంక్రాంతికి ఉన్న ఇల్లు మరో సంక్రాంతికి అపార్ట్‌మెంటు. అవి ఏ పురావస్తు శాఖ జాబితాలోనూ ఉండవు. మీ బొమ్మలో గీత వంకరైనా, చూరు ఎంత వాలిందో, అరుగుకు ఎన్ని మెట్లో సరిగ్గా ఉంటే అది ఆ ఇంటికి సాక్ష్యం. ఆ ఇంట్లో పుట్టి పెరిగి ఎక్కడికో వెళ్లిన మనిషి కంటపడితే వాళ్లకు అది ఎంత విలువైనదో మీరు ఊహించలేరు. బాగా వచ్చేదాకా దాచుకుంటే ఈలోపు ఇల్లుండదు.

సియాటిల్ పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో 2007లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ అనే చిత్రకారుల బృందం కూడా ఇదే పట్టుదలతో నడుస్తోంది: అక్కడికక్కడే చూసి వేయాలి, దృశ్యానికి నిజాయితీగా ఉండాలి, వేసింది పంచుకోవాలి. ఏ పెన్ను, ఏ శైలి అన్నది వాళ్లూ పట్టించుకోరు.

పంచుకునేటప్పుడు బొమ్మతోపాటు ఏం రాయాలి?

ఊరు, వీధి, తేదీ, వేళ. ఎక్కడ కూర్చుని వేశారో ఒక ముక్క. కట్టడం గురించి అక్కడివాళ్లు చెప్పింది ఉంటే అదీ. ‘పాత ఇల్లు’ అని వదిలేస్తే అది ఎవరికీ దొరకదు.

పేజీని ఫొటో ఎలా తీయాలి?

కిటికీ పక్కన, ఎండ నేరుగా తగలని చోట పుస్తకం పరిచి, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకోండి. ఫ్లాష్ వద్దు. మీ నీడ పడకుండా చూసుకోండి. స్కానర్ ఉంటే 300 డీపీఐ చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, మామూలు ఫొటోగా పంపితే సన్నగీతలు చెదిరిపోతాయి. కాగితం తెల్లగా కనిపించాలని ఫిల్టర్లు వేయకండి, పెన్సిలు నీడలన్నీ ఎగిరిపోతాయి.

అందరూ ‘బాగుంది’ అంటారు, ఎవరూ తప్పు చెప్పరు. ఏం చేయాలి?

అడిగే తీరు మార్చండి. ‘ఎలా ఉంది?’ అంటే బాగుందనే అంటారు. ‘ఎడమ గోడ వాలు ఎక్కువైందా?’, ‘తలుపు చిన్నదయిందా?’ అని అడిగితే నిజమైన జవాబు వస్తుంది. వీలైతే బొమ్మ పక్కన అదే చోటి ఫొటో పెట్టండి. మీరు ఇతరుల బొమ్మ మీద మాట్లాడేటప్పుడు, వాళ్లు అడిగితేనే దిద్దండి, ఒక్కసారికి ఒక్క విషయమే చెప్పండి. ఇంకొకరి బొమ్మ మీద ఎర్రగీతలు గీసి పంపడం నాకు నచ్చదు, వేసినవాళ్ల చేయి అక్కడే ఆగిపోతుంది.

నా బొమ్మను ఎవరైనా వాడేసుకుంటే?

వేసిన క్షణం నుంచే దాని హక్కు మీది, ఎక్కడా నమోదు చేయించక్కర్లేదు. మూలన సంతకం, తేదీ పెట్టండి. పెద్ద సైజు ఫైలు మీ దగ్గరే ఉంచుకుని చిన్నది పంచుకోండి.

ఆర్కిటెక్చర్ చదవాలనుకునే పిల్లలకు ఇది పనికొస్తుందా?

బాగా. జేఈఈ మెయిన్ బీఆర్క్ పేపర్లోనూ, నాటాలోనూ (ఆర్కిటెక్చర్ కోర్సుల ప్రవేశ పరీక్ష) డ్రాయింగ్ పరీక్ష ఉంటుంది. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం) చేరాలన్నా, విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) చేరాలన్నా ఈ పరీక్షలతోనే పని. పొందిక, పర్‌స్పెక్టివ్ చేతికి వచ్చి ఉంటే ఆ కాస్త సమయంలో తడబడరు. కోచింగులో బట్టీ పట్టిన బొమ్మల కంటే వీధిలో వేసిన పది పేజీలు ఎక్కువ నేర్పుతాయి.

నిండిన పుస్తకాలు ఎలా దాచుకోవాలి?

పెన్సిలు పేజీల మధ్య పల్చటి బటర్ పేపర్ పెట్టండి, లేకపోతే ఒక పేజీది ఇంకో పేజీకి అంటుతుంది. చెద పట్టే గోడకు, నేలకు దూరంగా, గాలి ఆడే అరలో నిలువుగా పెట్టండి. వానాకాలం వెళ్లాక ఒకసారి బయటికి తీసి నీడలో తెరిచి ఉంచండి. పుస్తకం మీద ఏ నెల నుంచి ఏ నెల వరకో రాసి, ప్రతి పేజీనీ ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి.